మంచి కత్తిని ఎంచుకోవడం: వేట పండుగ నుంచి వంటింటి దాకా



నన్ను పిలిచినప్పుడు చదువుల గురించో, స్కాలర్‌షిప్పుల గురించో మాట్లాడమంటారనుకున్నాను. యువజన విభాగం పిల్లలు మాత్రం "మేడం, ఈసారి కత్తి గురించి చెప్పండి" అన్నారు. నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే వాళ్ళడిగింది న్యాయమే అనిపించింది. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం వస్తే మనం విల్లంబులు, గొడ్డళ్ళు, కత్తులు వేదిక మీద పెడతాం. వాటితో ఫొటోలు దిగుతాం. ఆ కత్తి ఏ ఇనుముతో చేశారు, ఎవరు చేశారు, దేనికి వాడాలి, దేనికి వాడకూడదు అని అడిగితే మనలో ఎంతమంది చెప్పగలం? మా హాస్టల్లో పిల్లలైతే ఫోన్లో వచ్చే వేట కత్తుల వీడియోలు చూసి "ఇది కొనొచ్చా మేడం?" అని అడుగుతారు. అందుకే ఈ రోజు పాఠం కత్తి మీదే.

నేను కమ్మరిని కాను, వేటగాడి కూతుర్ని అని గొప్ప చెప్పుకోవడానికీ రాలేదు. బి.ఎడ్. చదివిన మనిషిని. వంద మందికి వండే వంటగదిని రోజూ చూసుకునే వార్డెన్‌ని. కాబట్టి పాఠం చెప్పినట్టే చెబుతాను. మధ్యలో ప్రశ్నలు వేస్తాను, జవాబు చెప్పాలి.

ముందు వేట సంగతి

కత్తి గురించి మాట్లాడాలంటే వేట గురించి మాట్లాడక తప్పదు. మన పాయకరావుపేట తాండవ నది ఒడ్డున, హైవే పక్కన ఉన్న ఊరు. నది దాటితే తుని. ఇక్కడ అడవి కనిపించదు. కానీ నర్సీపట్నం దాటి చింతపల్లి, గూడెం, కొయ్యూరు వైపు వెళితే మన చుట్టాలున్న ఊళ్ళే. అక్కడ చైత్ర మాసం వస్తే ఇటుకల పండుగ. విత్తనాలకు పూజ చేసుకుంటారు. మగవాళ్ళు గుంపుగా అడవికి వేటకు వెళతారు. ఆడవాళ్ళు థింసా ఆడతారు, దారికి కర్ర అడ్డం పెట్టి వచ్చేపోయేవాళ్ళను చందా అడుగుతారు. వేటకు వెళ్ళినవాడు ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు ఆట పట్టిస్తారు, పేడ నీళ్ళు చల్లుతారు. గోదావరి వైపు కోయలకు భూమి పండుగలో ఇలాంటి ఆచారమే ఉంది.

ఇది మన సంస్కృతి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. వేట ఊరంతా కలిసి చేసే పని. దొరికింది ఊరంతా పంచుకునేవారు. విత్తనం వేసే ముందు అడవిని పలకరించి వచ్చే యాత్ర లాంటిది.

ఇప్పుడు రెండో మాట. ఇది కూడా అంతే గట్టిగా వినండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం షెడ్యూళ్ళలో ఉన్న అడవి జంతువును వేటాడటం నేరం. వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు పన్నడం, విషం పెట్టడం, పట్టుకోవడం, అందుకోసం ప్రయత్నం చేయడం కూడా చట్టం దృష్టిలో వేటే. 2022లో ఈ చట్టాన్ని సవరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. పులి, చిరుత, ఎలుగుబంటి, అలుగు, నెమలి, ఉడుము లాంటివి మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. వాటి విషయంలో దొరికితే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయలకు తగ్గకుండా జరిమానా. అడవి పంది, కుందేలు కూడా షెడ్యూళ్ళలోనే ఉన్నాయి. "చిన్న జంతువే కదా" అనే మాట కోర్టులో పనికిరాదు.

"మేడం, మనకు అటవీ హక్కుల చట్టం ఉంది కదా" అని ఒక తమ్ముడు అడుగుతాడు. నాకు తెలుసు, ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. ఉంది. 2006లో వచ్చింది. అది మన పోడు భూమికి హక్కు ఇచ్చింది. అడ్డాకులు, చింతపండు, తేనె, వెదురు సేకరించుకునే హక్కు ఇచ్చింది. మూడో సెక్షన్లో మన సంప్రదాయ హక్కులన్నిటినీ చెబుతూ, వేటాడే హక్కును, ఉచ్చులు పన్నే హక్కును, వన్యప్రాణి శరీర భాగాలు తీసుకునే హక్కును మాత్రం మినహాయించింది. ఆ ఒక్క వాక్యం చదవకుండా పట్టా చేతిలో ఉందని ధైర్యం చేసినవాడు ఇబ్బంది పడతాడు.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆత్మరక్షణ కోసం, మంచి ఉద్దేశంతో జంతువును చంపితే లేదా గాయపరిస్తే అది నేరం కాదని అదే చట్టం పదకొండో సెక్షన్ చెబుతుంది. ఎలుగుబంటి మీద పడితే చేతిలో ఉన్న గొడ్డలి వాడొద్దని ఎవరూ అనరు. కానీ చచ్చిన ఆ జంతువు ప్రభుత్వ ఆస్తి. దాన్ని కోయకూడదు, పంచుకోకూడదు. అటవీ సిబ్బందికి చెప్పాలి.

ఇంకొక విషయం. ఒకప్పుడు తప్పు చేసినవాడి మీద సాక్ష్యం వెతకాల్సి వచ్చేది. ఇప్పుడు మన పిల్లలే సాక్ష్యం తయారుచేసి పెడుతున్నారు. కుందేలును చేత్తో పట్టుకుని ఫొటో, అడవి పందిని కోస్తూ రీలు, దానికి ఒక పాట. అది మీ పేరుతో, మీ ముఖంతో, మీ ఊరి పేరుతో ఉన్న సాక్ష్యం. కేసు పడితే పోలీసు ఉద్యోగానికో, టీచరు ఉద్యోగానికో ఎంపికైన రోజు విచారణలో అది బయటికి వస్తుంది. ఊళ్ళో ఒక్క పిల్లాడు డిగ్రీ దాకా రావడానికి ఎంత కష్టపడ్డామో మనకు తెలుసు. ఒక కుందేలు కూరకు అంత వెల పెట్టొద్దు.

మరి పండుగ ఎలా? మేకపోతు ఉంది, గొర్రె ఉంది, కోడి ఉంది, మనం పెంచిన పంది ఉంది. గుంపుగా అడవికి వెళ్ళి రావచ్చు. బాణం గురి పోటీ పెట్టుకోవచ్చు. తెచ్చిన మేకను అందరూ కలిసి కోసి సమంగా పంచుకోవచ్చు. పండుగలో ముఖ్యమైనది కలిసి వెళ్ళడం, కలిసి కోయడం, కలిసి పంచుకోవడం. మన తాతలకు తెలిసిన విద్య, అంటే జంతువును శుభ్రంగా, వ్యర్థం లేకుండా కోసి పంచే విద్య, మేక దగ్గరా కోడి దగ్గరా కూడా అంతే పనికొస్తుంది. ఆ విద్యకు పనిముట్టు కత్తి. ఇక కత్తి దగ్గరికి వద్దాం.

ఒక్క కత్తి అన్ని పనులకూ సరిపోదు

మొదటి ప్రశ్న. మంచి కత్తి అంటే పెద్ద కత్తా, చిన్న కత్తా?

చాలామంది పెద్దదే అంటారు. వీడియోల్లో చూపించేది అదే. పళ్ళు పళ్ళుగా వెన్ను, నల్లటి రంగు, జానెడున్నర పొడవు. కానీ మేకను కోసే చెయ్యి పొట్ట లోపలికి వెళ్ళాలి. అక్కడ పేగు ఉంటుంది, పిత్తపు తిత్తి ఉంటుంది, మూత్రపు తిత్తి ఉంటుంది. పొడవాటి కత్తి మొన ఎక్కడ తగులుతోందో కంటికి కనిపించదు. పేగు తెగితే మాంసమంతా మురికి. పిత్తం పగిలితే కూరంతా చేదు. అందుకే తోలు వలవడానికి, పొట్ట తెరవడానికి నాలుగు నుంచి ఐదు అంగుళాల పలక చాలు. చూపుడు వేలు కంటే కొంచెం పొడవు అనుకోండి.

ఆకారం ఎలా ఉండాలి? వెన్ను మొన వైపు కొంచెం కిందికి వాలాలి, పదును అంచు మొన దగ్గర గుండ్రంగా పైకి లేవాలి. ఆ గుండ్రని భాగమే తోలు వలుస్తుంది. మొన సూదిలా ఉంటే తోలుకు చిల్లు పడుతుంది, పేగుకూ చిల్లు పడుతుంది. వెన్ను మందం రెండున్నర, మూడు మిల్లీమీటర్లు ఉంటే సరిపోతుంది. మరీ మందమైతే కోయదు, చీలుస్తుంది. మరీ పలుచనైతే కీలు దగ్గర వంగుతుంది. వెన్ను మీద పళ్ళు అక్కర్లేదు. అవి మాంసాన్ని చింపుతాయి, వాటి సందుల్లో రక్తం, కొవ్వు ఇరుక్కుని శుభ్రం కావు.

ఎముక నరకడానికి వేరే పనిముట్టు ఉండాలి. బరువైన నరుకుడు కత్తి గానీ, చిన్న గొడ్డలి గానీ. చిన్న కత్తితో ఎముక కొడితే అంచు ముక్కలవుతుంది. ఆ ఇనుప ముక్క కూరలో పడి ఎవరి పంటి కిందికో వస్తుంది. ఇంట్లో ముక్కలు చేయడానికి కత్తిపీట ఉండనే ఉంది.

కత్తిపీట అన్నాను కాబట్టి చెల్లెళ్ళకు ఒక మాట. కత్తి మగవాళ్ళ వస్తువు అని ఎవరైనా అంటే నమ్మకండి. ఇంట్లో రోజూ కత్తి ముందు కూర్చునేది ఎవరు? ఉత్తర ధ్రువం దగ్గర ఇన్యూట్ అనే ఆదివాసులున్నారు. వాళ్ళలో ఉలు అనే అర్ధచంద్రాకారపు కత్తి ఆడవాళ్ళది. సీల్ అనే సముద్ర జంతువు తోలు వలిచేది, మాంసం కోసేది దానితోనే. తల్లి నుంచి కూతురికి ఇస్తారు. కత్తిని చూడటం, ఎంచుకోవడం, సానపట్టడం ఆడపిల్లలకూ రావాలి.

చట్టం గురించి ఇక్కడ కూడా ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. ఆయుధాల చట్టం కింద వచ్చిన నియమాల్లో 9 అంగుళాల కంటే పొడవు గానీ, 2 అంగుళాల కంటే వెడల్పు గానీ ఉన్న పలకల కత్తులను ఆయుధాల జాబితాలో చేర్చారు. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమలకు చేసిన కత్తులకు మినహాయింపు ఉంది. మీ కొడవలికి, కత్తిపీటకు భయం లేదు. కానీ వేట కత్తి అని, యుద్ధపు కత్తి అని పేరు పెట్టి అమ్మే పొడవాటి కత్తిని నడుముకు కట్టుకుని బజార్లో తిరిగితే పోలీసులు ఆపి అడుగుతారు, మీ దగ్గర సమాధానం ఉండదు. ఐదు అంగుళాల పని కత్తి పనికీ మంచిది, మీకూ మంచిది.

ఇనుము చూసి కొనాలి

రెండో ప్రశ్న. మెరిసే కత్తి మంచిదా, నల్ల కత్తి మంచిదా?

జవాబు: రెండూ మంచివి కావచ్చు, రెండూ చెడ్డవి కావచ్చు. అసలు తేడా ఇనుములో ఎంత కార్బన్ ఉంది, దాన్ని ఎలా కాల్చి చల్లార్చారు అన్నదే. ఇల్లు కట్టే ఇనుప సలాకలో కార్బన్ తక్కువ. దాన్ని ఎంత కాల్చి నీటిలో ముంచినా కత్తికి కావలసినంత గట్టిపడదు. రెండు కోళ్ళు కోసేసరికి మొండిదవుతుంది. అందుకే మన కమ్మర్లు లారీ కమాను పట్టీ అడుగుతారు. రోజంతా బరువు మోస్తూ వంగి మళ్ళీ లేచే ఇనుము అది. కార్బన్ తగినంత ఉంటుంది, విరగకుండా సాగే గుణమూ ఉంటుంది.

కొలిమి దగ్గర జరిగేది కెమిస్ట్రీ, ఫిజిక్స్ రెండూ. కమ్మరి తిత్తి ఊది, ఇనుమును ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి సమ్మెటతో సాగదీస్తాడు. ఆకారం వచ్చాక మళ్ళీ కాలుస్తాడు. ఒక వేడి దాటాక ఇనుము అయస్కాంతానికి అంటుకోదు. దాదాపు 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర అలా జరుగుతుంది. మన కమ్మరి థర్మామీటరు వాడడు, రంగు చూసి చెబుతాడు. ఆ వేడి మీద నూనెలోనో నీటిలోనో ముంచితే ఇనుము గాజులా గట్టిపడుతుంది. అలాగే వదిలేస్తే కిందపడితే విరుగుతుంది. అందుకే మళ్ళీ కొంచెం వేడి చేసి ఆ పెళుసుదనం తీస్తాడు. గట్టిదనం, సాగేగుణం రెండూ కుదిరినప్పుడే పదును నిలుస్తుంది. మీ పుస్తకంలో రెండు పేజీల్లో ఉన్న పాఠం అతని చేతిలో ఉంది.

ఈ విద్య చిన్నది కాదు. తెలంగాణలో నిజామాబాద్ దగ్గరి కోనసముద్రంలో చేసిన ఉక్కు పర్షియా దాకా వెళ్ళింది, అక్కడ దానితో పేరుమోసిన కత్తులు చేశారు. మధ్య భారతంలో రాయిని కరిగించి ఇనుము తీసే అగరియా అనే ఆదివాసులున్నారు. వెరియర్ ఎల్విన్ వాళ్ళ మీద 1942లో ఒక పుస్తకమే రాశాడు. మన మన్యంలో కమ్మర అని ఒక తెగే షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉంది. నాగలి కర్రు నుంచి బాణపు అలుగు దాకా వాళ్ళ కొలిమి నుంచే వచ్చేవి. ఇప్పుడు సంతలో ప్లాస్టిక్ పిడి కత్తులు కుప్పలుగా ఉంటే, కొలిమి దగ్గరికి వెళ్ళేవాళ్ళు తగ్గారు. కొలిమి ఆరితే మళ్ళీ వెలిగించడం కష్టం, ఎందుకంటే ఆ రంగు చూసే కన్ను పుస్తకంలో దొరకదు.

సరే, కొనేటప్పుడు ఎలా పరీక్షించాలి? నాలుగు పనులు చేయండి.

ఒకటి, చిన్న ఆకురాయి పట్టుకెళ్ళి, అమ్మేవాళ్ళను అడిగి, అంచుకు దగ్గరగా మెల్లగా రుద్దండి. ఆకురాయి జారిపోతే ఇనుము గట్టిపడిందని అర్థం. మెత్తగా కొరుకుతుంటే దాన్ని సరిగా కాల్చలేదు, లేదా ఆ ఇనుములో సత్తువ లేదు.

రెండు, వెన్ను వైపు నుంచి ఒక కన్ను మూసి చూడండి. పలక తిన్నగా ఉండాలి. అంచులో వెంట్రుక లాంటి పగులు ఉంటే వదిలేయండి. అంచు నీలం రంగులో ఉందా చూడండి. కరెంటు సాన చక్రం మీద ఎక్కువసేపు పట్టి అంచును కాల్చేస్తే ఆ రంగు వస్తుంది. అక్కడ గట్టిదనం పోయినట్టే.

మూడు, పిడి చూడండి. పలక ఇనుము పిడి చివరి దాకా వెళ్ళిందా? లేక రెండు అంగుళాలు లోపలికి దూర్చి లక్కతో అతికించారా? కత్తి ఊడేది, చెయ్యి తెగేది అక్కడే. పిడి రక్తంతో తడిసినా జారకూడదు. అందుకే మరీ నున్నగా ఉన్న ప్లాస్టిక్ కంటే, చేతికి నిండుగా కూర్చునే కర్ర పిడి మంచిది. పలక వైపు చిన్న అడ్డు గానీ, ఉబ్బు గానీ ఉంటే వేళ్ళు అంచు మీదికి జారవు. మీ చెయ్యి చిన్నదైతే చిన్న పిడి తీసుకోండి, అన్నయ్య చేతికి సరిపోయింది మీకు సరిపోదు.

నాలుగు, స్టెయిన్‌లెస్ కత్తి కొంటే అయస్కాంతం పెట్టి చూసి "అంటుకుంది, కాబట్టి నకిలీ" అనుకోకండి. కత్తులకు వాడే స్టెయిన్‌లెస్ రకాలు మామూలుగా అయస్కాంతానికి అంటుకుంటాయి. హాస్టల్ వంటగదికి నేను స్టెయిన్‌లెస్సే కొంటాను. పది చేతులు మారే చోట, ఎప్పుడూ తడి ఉండే చోట తుప్పు పట్టనిదే నయం. ఒక్కరే వాడుకుని, తుడిచి దాచుకునే కత్తికి కమ్మరి చేసిన నల్ల ఇనుమే మేలు. సానపట్టడం సులువు, పదును బాగా వస్తుంది.

పదును, జాగ్రత్త

మూడో ప్రశ్న. ఎక్కువ గాయాలు పదునైన కత్తితో అవుతాయా, మొండి కత్తితో అవుతాయా?

మొండి కత్తితో. బలం పెట్టి నొక్కుతాం, జారుతుంది, ఎడమ చెయ్యి తెగుతుంది. సానరాయి మీద పెట్టేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. పలక వెడల్పులో మూడో వంతు ఎత్తుకు వెన్నును లేపండి. అంగుళం వెడల్పు పలక అయితే వెన్ను కింద చిటికెన వేలి మందానికి కొంచెం తక్కువ ఖాళీ ఉంటుంది. అది సుమారు 20 డిగ్రీల కోణం. లెక్కల్లో ఆసక్తి ఉన్నవాళ్ళు ఇంటికెళ్ళి త్రికోణమితితో సరిచూసుకోండి. రాయిని తడిపి, ఒక వైపు ఎన్నిసార్లో రెండో వైపూ అన్నే సార్లు. పదును చూడటానికి బొటనవేలు అంచు మీద నడపకండి. పాత నోట్‌బుక్ కాగితం పట్టుకుని కోసి చూడండి. చిరగకుండా తెగితే చాలు.

పని అయ్యాక సబ్బు నీటితో కడిగి, వెంటనే తుడిచి, పలచగా నూనె రాసి దాచండి. ఇప్ప నూనె, ఆముదం, కొబ్బరి నూనె ఏదైనా సరే, చెయ్యి తడిమినంత చాలు. తోలు ఒరలో నెలల తరబడి ఉంచితే చెమ్మకు తుప్పు పడుతుంది. ఒర ప్రయాణానికి మాత్రమే. బస్సులో తీసుకెళ్ళేటప్పుడు ఒరలో పెట్టి, గుడ్డ చుట్టి, సంచి అడుగున పెట్టండి. ఇంకొకరికి ఇచ్చేటప్పుడు చేతిలోంచి చేతిలోకి వద్దు. కింద పెట్టండి, వాళ్ళు తీసుకుంటారు. తాగిన మనిషి చేతికి కత్తి ఇవ్వకండి, అతను మామయ్య అయినా సరే, పెదనాన్న అయినా సరే. పండుగ రోజు ఈ మాట చెప్పడం కష్టం. అయినా చెప్పండి.

మేకను కోసేటప్పుడు వెనక కాళ్ళతో కొమ్మకు వేలాడదీస్తే నేల మురికి అంటదు. తోలును కత్తితో తక్కువ, పిడికిలితో ఎక్కువ వలవాలి. పొట్ట తెరిచేటప్పుడు చిన్న గాటు పెట్టి, ఎడమచేతి రెండు వేళ్ళు లోపల పెట్టి తోలును పైకి ఎత్తి, ఆ వేళ్ళ మధ్య కత్తిని పదును పైకి ఉండేలా మెల్లగా నడపాలి. అప్పుడు మొన పేగుకు తగలదు. మాంసాన్ని శుభ్రమైన అడ్డాకుల మీద నీడలో పెట్టండి. ఎండాకాలం మన దగ్గర వేడి 32 డిగ్రీలు సులువుగా దాటుతుంది. అంత వేడిలో పచ్చి మాంసాన్ని గంటకు మించి బయట ఉంచకూడదు. వంతులు వేసే పని తొందరగా కానివ్వండి. మాంసం కోసిన కత్తిని కడగకుండా ఉల్లిపాయలు, టమాటాలు కోయకండి.

చెయ్యి తెగితే? శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టి, చెయ్యి పైకి ఎత్తండి. రక్తం ఆగాక నీళ్ళతో, సబ్బుతో కడగండి. కాఫీ పొడి, కిరోసిన్, చుట్ట బూడిద వేయొద్దు. ఆసుపత్రికి వెళ్ళి ధనుర్వాతం ఇంజెక్షన్ అవసరమో కాదో అడగండి. రక్తం ఆగకపోతే 108.

కత్తి తీయకూడని చోటు

ఇప్పుడు చెప్పబోయేది ఈ ప్రసంగంలో అన్నిటికంటే ముఖ్యం. మంచి కత్తి ఉన్నవాడికి ఎప్పుడు కోయకూడదో కూడా తెలియాలి.

మేక గానీ, గొర్రె గానీ, పశువు గానీ ఉన్నట్టుండి చచ్చిపోయిందనుకోండి. ఇంటికి అది పెద్ద నష్టం. "చచ్చింది ఎలాగూ చచ్చింది, మాంసమైనా దక్కుతుంది" అని కోస్తారు. పేదరికంలో ఉన్న మన ఊళ్ళలో ఈ ఆలోచన రావడం తప్పు అనను. కానీ అది ఆంత్రాక్స్ అయితే? మన విశాఖ మన్యంలో ఈ జబ్బు మనుషులకు సోకిన ఊళ్ళున్నాయి. చచ్చిన జంతువును కోసినవాళ్ళకు, ఆ మాంసం పట్టుకున్నవాళ్ళకు, తిన్నవాళ్ళకు అది సోకుతుంది.

ఎలా గుర్తుపట్టాలి? నిన్న బాగున్న జంతువు ఇవాళ చచ్చి ఉంటుంది. ముక్కు, నోరు, మలద్వారం నుంచి నల్లటి రక్తం వస్తుంది, అది గడ్డకట్టదు. పొట్ట త్వరగా ఉబ్బుతుంది. ఇవన్నీ కనిపించకపోవచ్చు కూడా. అందుకే నియమం ఒక్కటే పెట్టుకుందాం: దానంతట అది చచ్చిన జంతువు మీద కత్తి పెట్టకూడదు. తోలు వలిచామా, ఆ క్రిములు గాలి తగిలి విత్తనాల్లా మారతాయి. ఆ విత్తనాలు మట్టిలో ఏళ్ళ తరబడి, దశాబ్దాల తరబడి బతికే ఉంటాయి. మామూలుగా ఉడికించినంత మాత్రాన అవి చస్తాయన్న భరోసా లేదు. మీరు ఈ రోజు కోసిన చోట మీ పిల్లల మేకలు మేస్తాయి. ఆలోచించండి.

ఏం చేయాలి? 1962 నంబరుకు ఫోన్ చేయండి, అది పశువుల అంబులెన్సు. ఫోన్ అందకపోతే పశువైద్యశాలకో, సచివాలయానికో కబురు పెట్టండి. వాళ్ళు చెప్పినట్టు ఆరడుగుల లోతు గొయ్యి తీసి, సున్నం వేసి, కోయకుండా పాతిపెట్టాలి. ఇప్పటికే ఎవరైనా కోసి ఉంటే, వాళ్ళ చేతి మీద, మెడ మీద, ముఖం మీద దురద పెట్టే పొక్కు లేచి, అది పుండై, మధ్యలో బొగ్గులా నల్లగా మారితే, నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. నొప్పి లేకపోవడమే ఆ పుండు లక్షణం. వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళి, "చచ్చిన మేకను కోశాం" అని డాక్టరుకు దాచకుండా చెప్పండి. మొదట్లోనే యాంటీబయాటిక్ మందులు పడితే నయమవుతుంది. భయపడి, ఎవరైనా తిడతారని దాచిపెట్టినప్పుడే ప్రాణం మీదికి వస్తుంది.

ఊళ్ళో ఈ మాట చెప్పగలిగేది ఎవరు? పెద్దవాళ్ళకు అధికారి చెబితే "మా తిండి మీద వీళ్ళ పెత్తనమేంటి" అనిపిస్తుంది. సొంత మనవడు, సొంత మనవరాలు చెబితే వింటారు. వెక్కిరించకుండా చెప్పండి. ఆ మేక పోయిన ఇంటికి నష్టం జరిగిందన్న సంగతి ముందు ఒప్పుకుని, తర్వాత చెప్పండి. వీలైతే ఊరంతా తలా కొంత వేసుకుని ఆ ఇంటికి సాయం చేయండి. అప్పుడు వాళ్ళకు ఆ మాంసం అమ్ముకోవాల్సిన అవసరం ఉండదు. వేట మాంసాన్ని సమంగా పంచుకున్న జాతి మనది, నష్టాన్నీ అలాగే పంచుకోగలం.

చివరిగా హోంవర్కు. టీచరు మాట్లాడితే హోంవర్కు లేకుండా ఉంటుందా?

ఒకటి. మీ ఊరికి దగ్గర్లో ఇంకా కొలిమి నడుపుతున్న కమ్మరి ఎవరో కనుక్కోండి. ఒక పూట అతని దగ్గర కూర్చోండి. తిత్తి, దాగలి, సమ్మెట, పట్టకారు, వీటిని మీ భాషలో, కువిలో అయినా, ఆదివాసీ ఒడియాలో అయినా, ఏమంటారో రాసుకోండి. ఎర్రటి రంగుల్లో ఏ రంగు దగ్గర ముంచుతారో అడగండి. అనుమతి అడిగి వీడియో తీయండి. రీలు పెట్టాలనుకుంటే ఇది పెట్టండి. ఇందులో కేసు లేదు, గౌరవం ఉంది.

రెండు. ఇంట్లో ఉన్న కత్తులన్నీ ఈ వారంలో ఒకసారి బయటికి తీయండి. పిడి వదులైనవి, పగులున్నవి పక్కన పెట్టండి. మిగతావి సానపట్టి, నూనె రాసి, చిన్నపిల్లలకు అందని చోట పెట్టండి. కొత్తది కావాలంటే ఆన్‌లైన్లో వెతికే ముందు ఆ కమ్మరిని అడగండి. డబ్బులు బేరమాడకుండా ఇవ్వండి.

మూడు. 1962, 108 నంబర్లు మీ ఇంటి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి.

వచ్చే చైత్రంలో ఇటుకల పండుగకు మన్యం వెళ్ళే తమ్ముళ్ళు విల్లు పట్టుకుని వెళ్ళండి, గురి పోటీలో గెలవండి, మేకను మీ చేతులతో శుభ్రంగా కోసి పంచండి. చెల్లెళ్ళు థింసా ఆడాక కత్తి కూడా పట్టండి. తిరిగి హాస్టల్‌కు, కాలేజీకి మంచి ఆరోగ్యంతో, మీ మీద ఏ కేసూ లేకుండా రండి. నేను కోరేది అదే.

 జై ఆదివాసీ.